ఫోటో దిగడం

తెలుగులో ఫోటోకు రెండు క్రియలు. కెమెరా వెనకున్నవాడు ఫోటో తీస్తాడు, ముందున్నవాడు ఫోటో దిగుతాడు. ఊహ తెలిసినప్పటి నుంచి వింటున్న మాటలు కాబట్టి ఇందులో విశేషమేమీ తోచదు. పక్క భాషల్లోకి తొంగి చూస్తే తోస్తుంది. హిందీలో తీసేవాడిది ‘ఖీంచ్‌నా’, అంటే లాగడం. ఎదురుగా నిలబడ్డవాడిది ‘ఖించ్‌వానా’, లాగించుకోవడం. తమిళంలో తీసేవాడు ‘ఎడు’ అనే క్రియ వాడతాడు, నిలబడ్డవాడు అదే క్రియకు ‘కొళ్’ తగిలించి సరిపెట్టుకుంటాడు. ఇంగ్లీషులో చిత్రకారుల కాలం నాటి ‘కూర్చోవడం’ ఒకటుంది గానీ అది బొమ్మ గీయించుకునే జమీందార్ల మాట, మార్కెట్ యార్డులో బస్తా మీద చెయ్యేసి నిలబడ్డ హమాలీకి అతకదు. ఎక్కడ చూసినా పని తీసేవాడిది, ఎదుటివాడికి మిగిలేది చేయించుకోవడం. తెలుగువాడు మాత్రం ఎదుటివాడికి సొంత క్రియ ఇచ్చాడు. అది ప్రేరణార్థకం కాదు, కర్మణి ప్రయోగం అంతకన్నా కాదు. తనంతట తాను చేసే పని. దిగాను, దిగాం, నువ్వూ దిగుదువు రా.

కాయకష్టం చేసుకునేవాళ్ల నలుపు తెలుపు ఫోటోలు గ్యాలరీ గోడల మీదో, అట్ట గట్టిగా ఉన్న ఖరీదైన పుస్తకాల్లోనో చూసినప్పుడల్లా నాకు ఈ రెండు క్రియలే గుర్తొస్తాయి. వెలుగునీడలు, కూర్పు, ముడతల్లో చరిత్ర వంటి మాటలు తర్వాత మాట్లాడుకోవచ్చు. ముందు తేలాల్సింది, ఇది తీసిన ఫోటోనా, దిగిన ఫోటోనా అని.

దిగు పాత మాట. ప్రాచీన కావ్యాల్లో డిగు, డిగ్గు అన్న రూపాల్లో కనిపిస్తుంది. దించుకు పాతరూపం డించు. తమిళ, కన్నడాల్లోని ‘ఇళి’ దీనికి తోబుట్టువు. ఆ భాషల్లో మొదట ఉన్న అచ్చు తెలుగులో వెనక్కి జరిగి, హల్లు ముందుకొచ్చింది. ఇరండు రెండైనట్టు, ఉరల్ రోలైనట్టు.

పైనుంచి కిందికి రావడం దీని మొదటి అర్థం. అక్కడితో ఆగలేదు. బస్సు దిగుతాం, మెట్లు దిగుతాం. జ్వరం దిగుతుంది, మత్తు దిగుతుంది, బెట్టు చేసినవాడు చివరికి దిగొస్తాడు. కాలిలో ముల్లు దిగుతుంది, దుఃఖంలో ఉన్నవాడికి ముద్ద గొంతు దిగదు. కొత్త ఇంట్లో దిగుతాం, గొడవలోకి దిగుతాం, ఎన్నికల బరిలో దిగుతాం. ఇక పని దగ్గరకొచ్చేసరికి ఈ మాటకు అసలు బలం వస్తుంది. నాట్లేసేవాళ్లు మడిలో దిగుతారు. సింగరేణి ప్రాంతంలో బొగ్గు గనిని బాయి అంటారు; ‘బాయి దిగుడు’ అంటే ఆ ఇంట్లో నెల జీతం వస్తున్నట్టూ, ఆ ఇల్లాలికి రాత్రి షిఫ్టుల్లో నిద్ర లేనట్టూ. పనిలోకి దిగాడంటే పని మొదలైంది, డ్యూటీ దిగాడంటే పని అయిపోయింది. ఒకే క్రియ రోజుకు రెండు కొసల్లోనూ కాపలా కాస్తుంది.

మరి ఫోటో దిగడంలో ఎక్కడి నుంచి ఎక్కడికి దిగుతున్నాం? వ్యాకరణం ఒక చిన్న ఆచూకీ ఇస్తుంది. ‘బస్సు దిగాను’లో బస్సు నేను వదిలి వచ్చిన చోటు. ‘బాయి దిగాను’లో బాయి నేను చేరిన చోటు. రెండింటికీ విభక్తి లేదు, వాక్యాలు ఒక్క తీరుగానే ఉన్నాయి, దారులు మాత్రం ఎదురెదురు. ‘ఫోటో దిగాను’ వీటిలో బాయి పక్షాన నిలుస్తుంది. ఫోటోలోంచి కాదు, ఫోటోలోకి దిగుతాం. దిగాక అందులోనే ఉండిపోతాం.

ఇంకో వైపు నుంచి కూడా చూడొచ్చు. తెలంగాణలో తీసేవాడికీ ఇదే ధాతువు: ఫోటో దించిండు, ఫోటో దించుకున్నం. ఉర్దూలో తస్వీర్ ‘ఉతార్నా’ అన్నా అచ్చంగా దించడమే, కాబట్టి ఇది హైదరాబాదు గాలి అనిపించవచ్చు. అయితే ఉన్నదాన్ని ఉన్నట్టు నకలు చేయడాన్ని దించడం అనే అలవాటు తెలుగంతటా ఉంది. పక్కవాడి పేపరు చూసి మక్కికి మక్కి దించుతారు. మనవడు తాతను దించేశాడంటారు. పోలిక ముఖంలోకి దిగినట్టే రూపం కాగితం మీదికి దిగుతుంది. ఫోటో కళ లోకానికి వెల్లడైంది 1839లో. అప్పటికి మన ఊళ్లలో కెమెరా ముఖం చూసినవాడు లేడు కనుక ఫోటో దిగడమనే అర్థం ఆ తర్వాత పుట్టిందే. పండితులెవరూ కూర్చుని చేయలేదు. ‘ఛాయాచిత్రం’, ‘ఛాయాగ్రహణం’ పండితులవి. వాటిని సినిమా టైటిళ్లకు వదిలేసి జనం ఫోటో దిగారు.

ఛాయాగ్రహణం గురించి ఒక్క మాట చెప్పి ముందుకు పోతాను. సుందరకాండలో సముద్రం మీద ఎగురుతున్న హనుమంతుణ్ణి నీడ పట్టుకుని ఆపిన సింహికకు ఛాయాగ్రాహి అని పేరు. నీడ చిక్కితే మనిషి చిక్కినట్టే. ఫోటో దిగితే ఆయుష్షు తగ్గుతుందని భయపడ్డ మన అవ్వలు సింహికను తలుచుకుని కాదు గానీ, ఆ భయంలో తెలివి లేకపోలేదు. ఎందుకంటే రెండో క్రియ ‘తీయడం’ అంత అమాయకమైనది కాదు. నూనె తీస్తారు, బొగ్గు తీస్తారు, కూపీ తీస్తారు, పరువు తీస్తారు, ప్రాణం తీస్తారు. ఉన్నచోటు నుంచి ఒకదాన్ని వేరుచేసి పట్టుకుపోవడం ఇందులో ఉంది.

అలా పట్టుకుపోయిన ఫోటోలు మన దేశంలో కుప్పలు. 1868 నుంచి 1875 దాకా ఎనిమిది సంపుటాల్లో వెలువడ్డ ‘ద పీపుల్ ఆఫ్ ఇండియా’లో మనిషి ముఖం కింద ఉండేది ఎక్కువగా కులం పేరు, తెగ పేరు. మద్రాసు మ్యూజియం సూపరింటెండెంటు ఎడ్గార్ థర్‌స్టన్, కె. రంగాచారి సాయంతో 1909లో ఏడు సంపుటాలుగా తెచ్చిన దక్షిణ భారత కులాలు, తెగల గ్రంథంలో తెలుగు కులాలు, వృత్తులు బోలెడు. ఆయన కెమెరాతో పాటు ముక్కు వెడల్పు, పుర్రె కొలిచే పరికరాలు వెంట తీసుకెళ్లేవాడు. వయనాడులో పణియ స్త్రీలు తనను చూసి పారిపోయారని ఆయనే రాసుకున్నాడు. తమలో మంచి నమూనాలను ఏరి, చర్మంలో గడ్డి కూరి మద్రాసు మ్యూజియంలో నిలబెడతాడని వాళ్ల భయమట. థర్‌స్టన్ దాన్ని నవ్వులాటగా రాశాడు. తీయడం అనే క్రియను ఆ స్త్రీలు ఆయనకంటే బాగా అర్థం చేసుకున్నారని నేనంటాను.

ఇంతకంటే దగ్గరి బంధుత్వం మారిషస్‌ది. 1834 నుంచి ఇరవయ్యో శతాబ్దం మొదటిదాకా దాదాపు నాలుగున్నర లక్షల మంది ఒప్పంద కూలీలు ఆ దీవికి వెళ్లారు. అందులో మన తీరం నుంచి వెళ్లినవాళ్లున్నారు. కాకినాడ పక్కనున్న కోరంగి రేవు పేరే అక్కడి తెలుగువాళ్లకు పేరైంది. ఒప్పందం గడువు తీరిన పాత కూలీ ఎవరైనా తన ఫోటో అంటించిన టికెట్ ఎప్పుడూ వెంట ఉంచుకోవాలని 1867లో చట్టం చేశారు. చెరకు తోటలో నడుము విరిగి, అయిదేళ్లు పూర్తిచేసి, ఇక స్వేచ్ఛగా బతుకుదామనుకున్నవాడు తన ముఖాన్ని జేబులో పెట్టుకు తిరగాలి. అది లేకుండా దొరికితే దేశదిమ్మరి కింద లెక్క. ఈ టికెట్లు, పాసుల వేధింపు మీద 1871లో 9,401 మంది పాత కూలీల పేర్లతో అర్జీ వెళ్లింది. దాన్ని తయారుచేయడంలో వెన్నుదన్నుగా నిలిచినవాడు అడాల్ఫ్ ద ప్లెవిట్జ్ అనే ఐరోపా సంతతి తోటదారు. మరుసటి ఏడే రాయల్ కమిషన్ వచ్చింది.

ఆ ఫోటోలు ఇప్పుడు మోకా అనే ఊళ్లో మహాత్మాగాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో భద్రంగా ఉన్నాయి. వాటిని అచ్చులో చూశాను. ఛాతీ దాకా మనిషి, వెనక ఖాళీ గోడ, ఒక అంకె. కళ్లు కెమెరా వైపే ఉన్నా కెమెరా వెనక మనిషి ఉన్నట్టు చూడవు. ఎవరూ దిగలేదు, అందరినీ తీశారు. విచిత్రమేమంటే, ఆ కూలీల మునిమనవళ్లలో చాలామందికి తమ పెద్దల ముఖం చూసుకోవడానికి ఉన్నది ఆ ఒక్క ఫోటోనే. పోలీసు అవసరానికి తీసింది ఇవాళ ఇంట్లో పటం కట్టించుకునేది అయింది.

దిగిన ఫోటోలు ఎలా ఉంటాయో చూడాలంటే జర్మనీ వెళ్లాలి. ఆగస్ట్ జాండర్ 1876లో హెర్‌డార్ఫ్ అనే గనుల ఊళ్లో పుట్టాడు, కుర్రతనంలో గనిలో పనిచేశాడు. మన భాషలో చెప్పాలంటే బాయి దిగినవాడు. తర్వాత కొలోన్ నగరంలో స్టూడియో పెట్టి, తీరిక దొరికితే కెమెరా కట్టుకుని సైకిల్ మీద వెస్టర్‌వాల్డ్ పల్లెలకు పోయేవాడు. ఇరవయ్యో శతాబ్దపు మనుషులందరినీ వృత్తుల వారీగా ఫోటోల్లో నిలపాలని పట్టుపట్టాడు. 1928లో తీసిన ఒక ఇటుకల కూలీ ఫోటో ఉంది. భుజాల మీద అడ్డంగా చెక్క, దాని మీద తలకు రెండు వైపులా ఇటుకల దొంతర. రెండు చేతులూ పైకెత్తి చెక్కను పట్టుకున్నాడు. వెనక చీకటి. ఆ బరువు మోస్తూ కదలకుండా నిలబడి, మనకేసి సూటిగా చూస్తాడు. జాలి అడగడు, కోపం చూపడు. ‘చూశావుగా, ఇక చాలా?’ అన్నట్టుంటాడు. అదే ఏడాది తీసిన మిఠాయి వంటవాడిదీ ఇదే వరస: గుండ్రటి ఒళ్లు, తెల్ల కోటు, చేతిలో పిండి కలిపే గిన్నె, కాళ్లకు మెరిసే బూట్లు. ఆ బూట్లు వంటకు వేసుకునేవని నేను నమ్మను. ఫోటో దిగడానికి వేసుకున్నాడు.

తెలుగు క్రియలో ఈ తయారీ కూడా ఉంది. ‘ఫోటో దిగాలి’ అనగానే తల దువ్వుకోవడం, పౌడరద్దుకోవడం, చొక్కా గుండీలు సరిచూసుకోవడం మొదలవుతాయి. ఇటుక బట్టీ దగ్గరో పత్తిచేనులోనో కెమెరా ఎత్తి చూడండి: “ఆగు బిడ్డా, మొకం కడుక్కొనొస్త. గీ చీర మీద దించుతవా?” అంటుంది అవ్వ. ఫోటోగ్రాఫరేమో “వద్దమ్మా, అట్లనే ఉండు, అదే బాగుంది” అంటాడు. ఎవరికి బాగుంది? ఆమెకు బురద అంటిన చీర పని రోజుది, ఆయనకు అదే ప్రదర్శనకు పనికొచ్చేది. ఈ చిన్న పేచీలో నేను అవ్వ పక్షం. బురద చీర అబద్ధం కాదు, పెట్టెలో దాచుకున్న చీరా అబద్ధం కాదు. ఏది కట్టుకుని దిగాలో చెప్పాల్సింది దిగేవాళ్లు.

అమెరికా ఫోటోగ్రాఫర్ ఇర్వింగ్ పెన్‌కు కూడా ఇదే పేచీ ఎదురైంది. 1950లో పారిస్, లండన్‌లలో, ఆ తర్వాత న్యూయార్క్‌లో చిన్నచిన్న పనులు చేసుకునేవాళ్లను స్టూడియోకు రప్పించి, పనిబట్టలతో, పనిముట్లతో, వెనక పాత తెర కట్టి, కిటికీ వెలుతురులో నిలబెట్టి ఫోటోలు తీశాడు. పారిస్‌వాళ్లు ఇందులో ఏదో మోసముందని అనుమానిస్తూనే డబ్బులిస్తున్నారని వచ్చారట. లండన్‌వాళ్లు తమ పనిబట్టల్లో ఫోటో దిగడం తమకు దక్కాల్సిన మర్యాదే అన్నట్టు ఠీవిగా వచ్చారట. న్యూయార్క్‌వాళ్లలో కొందరు మాత్రం ఎంత చెప్పినా వినకుండా నున్నగా గడ్డం గీసుకుని, ఆదివారం సూటు వేసుకుని దిగబడ్డారని పెన్ రాశాడు. ఆయనకు అది చిరాకు. నాకు ఆ సూటు ఫోటోలుంటే చూడాలని ఉంది.

జాండర్ గొప్పతనం అంతా సూటును ఒప్పుకోవడంలోనే ఉంది. ఆయన 1914లో తీసిన ముగ్గురు కుర్రవాళ్ల ఫోటో లోకమంతా తెలుసు. నల్ల సూట్లు, టోపీలు, చేతికర్రలు. పొలాల మధ్య మట్టిదారిలో డాన్సుకు పోతూ వెనక్కి తిరిగి చూస్తారు. దాని కింద జాండర్ పెట్టిన పేరు ‘యువ రైతులు’. తర్వాత ఎవరో ఆరా తీస్తే వాళ్లు రైతులు కారని, ఇనుప ఖనిజపు గని దగ్గర పనిచేసేవాళ్లని తేలింది. ముగ్గురిలో ఒకడు మొదటి ప్రపంచ యుద్ధం నుంచి తిరిగి రాలేదు. పేర్లు రాయకుండా వృత్తులు రాసే పద్ధతికి ఇదే దెబ్బ. ముఖాలు నిజం చెప్పాయి, కింద రాసిన మాట తప్పింది. జాండర్ పుస్తకం 1929లో అరవై ఫోటోలతో వచ్చింది. 1936లో నాజీలు దాని అచ్చు దిమ్మెలను ధ్వంసం చేశారు. ఏలేవాళ్లకు నచ్చే జర్మన్ల వరసలో ఆ ఇటుకల కూలీ, పనిలేనివాళ్లు ఇమడలేదు.

తీయడానికీ దిగడానికీ నడుమ ఇరుక్కున్న ఫోటో డొరోతియా లాంగ్ తీసినది. 1936లో కాలిఫోర్నియాలో బఠాణీ కోసే వలస కూలీల గుడారాల దగ్గర, బిడ్డలు చెరో భుజం మీద ముఖం దాచుకోగా, చెయ్యి చెంపకు ఆనించుకున్న తల్లి. లాంగ్ ఆమె పేరు అడగలేదు. నలభై ఏళ్ల తర్వాత ఆ తల్లి బయటికొచ్చి, ఆ ఫోటో తీయకపోయి ఉంటే బాగుండేదని బాధపడింది. దాంతో తనకు పైసా రాలేదంది. ఆ ఫోటో వల్ల గుడారాలకు ప్రభుత్వం తిండి పంపిందన్నదీ నిజమే. అప్పటికి ఆమె కుటుంబం అక్కడి నుంచి వెళ్లిపోయింది.

ఇక నలుపు తెలుపు సంగతి. మన స్టూడియోల్లో నెగెటివ్ మీద సన్నటి పెన్సిలుతో దిద్దేవాళ్లు. నెగెటివ్‌లో ముడత పలచగా, తేటగా ఉంటుంది. అక్కడ పెన్సిలు పొడి పూస్తే ప్రింటులో ముడత మాయమై ఆ చోటు తెల్లబడుతుంది. ‘మంచి ఛాయ వచ్చింది’ అనేవాళ్లు. సంస్కృతంలో ఛాయ అంటే నీడా అవుతుంది, నిగారింపూ అవుతుంది. ఒంటి దగ్గరకొచ్చేసరికి మనకు ఛాయ అంటే తెలుపే, పొట్టు తీసిన మినపప్పు ఛాయపప్పు అయినట్టు. ఎండకు ఎండినవాళ్ల ఫోటోలు తీసినవాళ్లు ఆ పెన్సిలు పక్కన పెట్టడమే పెద్ద మార్పు. నల్లటి చర్మంలో ఎన్ని నలుపులున్నాయో మంచి ప్రింటు చూపిస్తుంది: మోచేతి దగ్గర ఒకటి, కంటి కింద ఒకటి, గోరు అంచున సున్నం తిన్నచోట మరొకటి. రంగుల ఫోటోలో చీర అరుస్తుంటే ఇవి వినపడవు.

అలాగని నలుపు తెలుపుకు దండం పెట్టాల్సిన పని లేదు. గుంటూరు మిర్చి యార్డులో ఎరుపు తీసేస్తే ఏం మిగులుతుంది? ముక్కుకూ నోటికీ గుడ్డ బిగించి కూర్చున్న స్త్రీలు, బూడిద రంగు గుట్టలు. ఫోటోలో ఘాటు తెలిపేది రంగే, అది పోయాక ఆ గుడ్డ ఎందుకు కట్టుకున్నారో కొత్తవాడికి అర్థం కాదు. అద్దకం పనివాళ్ల చేతులూ అంతే. రంగే వాళ్ల పనైనప్పుడు దాన్ని తీసేయడం పనిని తీసేయడం. పైగా నిన్న తీసిన ఫోటోను కూడా నలుపు తెలుపు యాభై ఏళ్ల వెనక్కి నెడుతుంది. చూసేవాడికి ‘పాపం, ఆ రోజులు’ అనిపిస్తుంది. కష్టం ఇవాళ్టిదని మరపిస్తే ఎంత అందమైన ఫోటో అయినా నాకు ఒప్పదు.

ఇప్పుడు ఫోటో దిగని కూలీ లేడు. రేషన్ కార్డుకు దిగాలి, ఆధార్‌కు దిగాలి. ఉపాధి హామీలో 2023 జనవరి 1 నుంచి, వ్యక్తిగత లబ్ధిదారుల పనులు తప్ప, పని జరిగే ప్రతిచోటా రోజుకు రెండుసార్లు కూలీల ఫోటో యాప్‌లో పెట్టాలన్న నిబంధన వచ్చింది. చెరువు పూడిక తీస్తున్నవాళ్లు పారలు పక్కన పెట్టి గట్టు మీద వరసగా నిలబడేవాళ్లు. దిగిన ఫోటో యాప్‌లో ‘ఎక్కాల్సి’ ఉండేది. సిగ్నల్ లేక ఎక్కకపోతే హాజరు ఉండేది కాదు, హాజరు లేకపోతే కూలి ఉండేది కాదు. మారిషస్ టికెట్ మీద ముఖం అంటించినప్పుడు ‘నువ్వెవరు’ అని అడిగారు, ఇక్కడ ‘నువ్వున్నావా’ అని అడిగారు. క్రియ దిగడమే, జరిగేది తీయడం.

అందుకని కెమెరా పట్టుకుని చేల వెంట, బట్టీల వెంట తిరిగే మిత్రులకు రెండు మాటలు. పేరు అడిగి రాసుకోండి, ఒప్పుకుంటే ఫోటో కింద వేయండి. ప్రింటు ఒకటి తీసుకెళ్లి చేతికివ్వండి. ఫోన్‌లో చూపించి జేబులో పెట్టుకోవడం ఇవ్వడం కాదు.

పాఠకులకు ఒక మనవి. ఫోటో దిగడం ఆంధ్ర, తెలంగాణ రెండు చోట్లా ఉంది. తీసేవాడి క్రియ మాత్రం ఊరు మారితే మారుతుంది: తీశాడు, దించిండు, కొట్టాడు. మీ ఊళ్లో కూలి పనికెళ్లేవాళ్లు ఏమంటారో విని, వాళ్లన్న వాక్యం పొల్లుపోకుండా రాసి పంపండి.